జిమ్నాస్టిక్స్ చేసే 12 ఏళ్ల పాపకి మోచేతి ఎముకలో దెబ్బ: పోటీకి పంపాలా, ఆపరేషన్ చేయించాలా?

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. పాపకి 12 ఏళ్లు, ఆరేళ్లప్పటి నుంచి జిమ్నాస్టిక్స్ చేస్తోంది. నాలుగు నెలలుగా కుడి మోచేతి బయటి వైపు నొప్పి. మొదట ఎక్స్‌రే తీసి నార్మల్ అన్నారు. టెన్నిస్ ఎల్బో అని చెప్పి బెల్టు, జెల్ ఇచ్చారు. తగ్గకపోయేసరికి ఎంఆర్ఐ తీయిస్తే "క్యాపిటెల్లమ్‌లో ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్, స్టేబుల్" అని వచ్చింది, అంటే మోచేతి బయటి వైపు ఎముకలో కొంత భాగం దెబ్బతింది, ఇంకా ఊడి రాలేదు అని. ఒక డాక్టరు ఆపరేషన్ అన్నారు. కోచ్ ఏమో టేప్ చుట్టుకుని రెండు నెలల్లో ఉన్న రాష్ట్ర పోటీలు కానిచ్చేసి, ఆ తర్వాత రెస్ట్ ఇద్దామంటున్నారు. అమ్మమ్మగారు నూనె మర్దన చేయిద్దామంటున్నారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలని అడిగారు.

ప్రస్తుతానికి ముగ్గురి మాటా పక్కన పెట్టండి. పోటీలు వదిలేయండి. ఈ రోజు నుంచే చేతుల మీద బరువు పడే పనులన్నీ ఆపించండి. ఆపరేషన్‌కి తొందర లేదు, కాకపోతే మూడు షరతులు: రిపోర్టులో రాసిన "స్టేబుల్" నిజమై ఉండాలి, పాప చెయ్యి పూర్తిగా చాచగలగాలి, ఎముక చివర గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తటి భాగం) ఇంకా తెరిచే ఉండాలి. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా లెక్క మారుతుంది. మర్దన మాత్రం అసలు వద్దు.

నేను విశాఖపట్నంలో ఎముకల డాక్టర్ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆటలాడే పిల్లలే ఎక్కువ, అందులోనూ భుజం, మోచెయ్యి కేసులే ఎక్కువ. మీ పాపని చూడలేదు, స్కాన్ చూడలేదు. కాబట్టి ఇది చదివి మీ డాక్టరుగారిని ఏం అడగాలో తెలుసుకోండి, అంతవరకే.

ముందు అసలేం జరిగిందో చెప్తాను. భుజం నుంచి మోచేతికి వచ్చే జబ్బ ఎముక అడుగున, బయటి వైపు గుండ్రటి బుడిపె ఒకటి ఉంటుంది. అదే క్యాపిటెల్లమ్. ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక తల దాని మీద ఆనుకుని తిరుగుతుంది. చెయ్యి చాచి నేల మీద ఆనితే మోచేతి మీద పడే బరువులో సుమారు 60 శాతం ఈ బయటి వైపు నుంచే పోతుందని లెక్క. మామూలు పిల్లలకి ఇది పెద్ద విషయం కాదు. మీ పాప చేసే పని చూడండి: హ్యాండ్‌స్టాండ్, కార్ట్‌వీల్, రౌండాఫ్, బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్, వాల్ట్. ఆ కాసేపూ మోచెయ్యే మోకాలి పని చేస్తుంది, ఒళ్లంతా దాని మీదే పడుతుంది. పూటకి ఎన్నిసార్లు, వారానికి ఎన్ని పూటలు, ఏడాదికి ఎన్ని నెలలు అని లెక్కేసుకుంటే మీకే తెలుస్తుంది.

దానికి తోడు, ఎదిగే వయసులో ఈ బుడిపెకి రక్తం వెనక వైపు నుంచి ఒకటి రెండు సన్నటి నాళాల ద్వారానే అందుతుంది. పక్కనుంచి సాయం వచ్చే దారి దాదాపు లేదు. ఒత్తిడి మీద ఒత్తిడి పడుతూ ఉంటే కార్టిలేజ్ కింద ఉన్న ఎముక ముందు దెబ్బతింటుంది. పైన కార్టిలేజ్, మనవాళ్లు గుజ్జు అంటారే అది, కొన్నాళ్లు బాగానే ఉంటుంది. గోడ లోపల చెమ్మ పట్టి ఇటుక పొడిపొడి అవుతున్నా పైన ప్లాస్టరింగ్ కొంతకాలం నున్నగానే కనబడుతుంది చూడండి, అలాగ. తర్వాత అది పెచ్చులా లేస్తుంది. పూర్తిగా ఊడి జాయింటులో పడితే చెయ్యి మధ్యలో పట్టేస్తుంది.

మీ రిపోర్టులో "స్టేబుల్" అంటే పెచ్చు ఇంకా లేవలేదని అర్థం. మీ అదృష్టం ఏదైనా ఉంటే అక్కడే ఉంది. పోటీకి పంపితే పణంగా పెట్టేది దాన్నే.

మొదటి ఎక్స్‌రే నార్మల్ అన్నారని ఆ డాక్టర్ని తప్పు పట్టకండి. చెయ్యి నిటారుగా పెట్టి తీసే మామూలు ఎక్స్‌రేలో ఈ దెబ్బ చాలాసార్లు కనబడదు, ఎందుకంటే అది బుడిపె ముందు భాగంలో ఉంటుంది. మోచెయ్యి 45 డిగ్రీలు వంచి ఎదురుగా తీస్తే బాగా తెలుస్తుంది. అందులోనూ మొదటి నెలల్లో కనబడకపోవచ్చు. నేను మాత్రం ఈ వయసులో, చేతుల మీద ఆడే ఆటలో, మోచేతి బయటి వైపు నొప్పితో ఎవరొచ్చినా టెన్నిస్ ఎల్బో అనే మాట ఆఖర్న తలుచుకుంటాను. సచిన్‌కి 2004లో వచ్చింది టెన్నిస్ ఎల్బో. అది పెద్దవాళ్లలో కండరం ఎముకని పట్టుకునే చోట వచ్చే అరుగుదల. పదకొండు పన్నెండేళ్ల పిల్లల్లో అది అరుదు. ఆ వయసులో కండర బంధాలు గట్టిగానే ఉంటాయి, బలహీనమైనది ఎదుగుతున్న ఎముక. "ఎదిగే నొప్పులు లెండి" అని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. ఆ నొప్పులు రాత్రిపూట, రెండు కాళ్లలోనూ వస్తాయి. ఆడినప్పుడల్లా ఒకే మోచేతిలో ఒకే చోట రావు.

ఇప్పుడు ఆ మూడు షరతుల సంగతి.

చెయ్యి చాచడం. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. పాపని నిలబెట్టి, రెండు చేతులూ ముందుకి చాచమనండి, అరచేతులు పైకి. మీరు పక్కనుంచి చూడండి. ఇక్కడ జిమ్నాస్ట్ పిల్లల విషయంలో ఒక చిక్కుంది. వాళ్లలో చాలామందికి మోచెయ్యి నిటారు దాటి ఇంకాస్త వెనక్కి వంగుతుంది. కాబట్టి కుడి చెయ్యి "నిటారుగానే ఉందిగా" అనుకుంటే సరిపోదు. ఎడమ చెయ్యి పది డిగ్రీలు వెనక్కి వంగుతూ, కుడి చెయ్యి నిటారు దగ్గరే ఆగిపోతుంటే ఆ పది డిగ్రీలూ పోయినట్టే. ఎప్పుడూ రెండో చేతితో పోల్చాలి. తేడా 20 డిగ్రీలు, అంతకు మించి ఉంటే స్కాన్‌లో ఏం రాసినా నాకు అనుమానమే. అలాంటి మోచెయ్యి ఉత్త విశ్రాంతితో బాగుపడే అవకాశం బాగా తగ్గుతుంది.

గ్రోత్ ప్లేట్. మగపిల్లాడికి 12 ఏళ్లంటే ఇంకా చాలా టైముంది. ఆడపిల్లల్లో ఈ ఎదుగుదల ఏడాది రెండేళ్లు ముందే పూర్తవుతుంది. మీ పాపకి నెలసరి మొదలైందా లేదా అని డాక్టరు అడిగితే ఇబ్బంది పడకండి, అడగకపోతే మీరే చెప్పండి. మొదలై ఏడాది దాటితే ప్లేట్ మూసుకునే దశలో ఉండొచ్చు. తెరిచి ఉన్నప్పుడు ఎముకకి తనంతట తాను పూడ్చుకునే శక్తి ఉంటుంది, మూసుకున్నాక అది బాగా తగ్గిపోతుంది. పోటీ అయ్యాక రెస్ట్ ఇద్దామన్న కోచ్ మాటకి నేను ఒప్పుకోలేనిది ఇందుకే. మీకున్న టైము రెండేళ్లు కాకపోవచ్చు, కొన్ని నెలలే కావచ్చు.

స్టేబుల్ అన్న మాట. రిపోర్టు కాగితం ఒక్కటీ పట్టుకెళ్లకండి, ఎంఆర్ఐ సీడీ తీసుకెళ్లి మోచేతులు చూసే డాక్టరుతో ఆ బొమ్మలు మళ్లీ చదివించండి. నీరు తెల్లగా కనబడే బొమ్మలు కొన్నుంటాయి. దెబ్బతిన్న ముక్కకీ దాని కింద ఎముకకీ మధ్య తెల్లటి గీత ఉందా అని అడగండి. ఉంటే జాయింటులో నీరు ముక్క వెనక్కి దూరుతోందని, పెచ్చు లేస్తోందని అర్థం. దెబ్బ బుడిపె మధ్యలో ఉందా, బయటి అంచు దాకా పోయిందా అని కూడా అడగండి. అంచు పోతే మొండి కేసు, ఎముక తలకి పక్క ఆసరా ఉండదు.

ఇంక విశ్రాంతి. మనవాళ్లకి రెస్ట్ అంటే రెండు వారాలు ఆర్మ్ పౌచ్ వేసుకుని మూడో వారం గ్రౌండుకి పోవడం. ఇక్కడ అది చాలదు. తక్కువలో తక్కువ మూడు నెలలు, మామూలుగా ఆరు నెలలు. ఎక్స్‌రేలో పూర్తిగా పూడినట్టు కనబడడానికి ఏడాది పైన పట్టిన పిల్లలూ ఉన్నారు. కట్టు గానీ పిండికట్టు గానీ అక్కర్లేదు. జాయింటు మెల్లగా కదులుతూ ఉంటేనే కార్టిలేజ్‌కి మంచిది. రాయడం, తినడం, జడ వేసుకోవడం అన్నీ చేసుకోవచ్చు. మానాల్సింది చేతుల మీద ఆనడం, విసరడం, పుష్‌అప్స్, బరువులెత్తడం. బడి బ్యాగ్ రెండు భుజాలకీ తగిలించుకోమనండి, కుడి చేత్తో మోయించకండి. ఇక్కడ అందరూ మర్చిపోయేది ఇంకోటి: పీటీ పీరియడ్. అకాడమీ మానేసి బడిలో త్రోబాల్ ఆడితే మానేసినట్టు కాదు. పీటీ మేష్టారికి ఒక చీటీ రాసివ్వండి.

నొప్పి మూడు నాలుగు వారాల్లోనే తగ్గిపోతుంది. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. పాప "నాన్నా, నొప్పి లేదు" అంటుంది, కోచ్ "ఇంకేం" అంటాడు. నొప్పి పోవడానికీ ఎముక పూడడానికీ మధ్య నెలల తేడా ఉంటుంది. నొప్పి మాత్ర వేసి ఆడించడం, స్ప్రే కొట్టి దింపడం ఇంకా అన్యాయం, ఆగమని చెప్పే ఒక్క గుర్తునీ నోరు మూయించినట్టే. టేప్ చర్మానికి ఆసరా ఇస్తుందే తప్ప లోపల ఎముక మీద పడే బరువుని తగ్గించదు. జాయింటులో స్టెరాయిడ్ ఇంజక్షన్ వేద్దామని ఎవరన్నా అంటే ఈ జబ్బులో, ఈ వయసులో వద్దని గట్టిగా చెప్పండి.

అమ్మమ్మగారి మాట తీసేసినట్టు కాకుండా ఆవిడకి ఇలా చెప్పి చూడండి. నూనె రాయడం వల్ల నష్టం లేదు. గట్టిగా పిసికి, చెయ్యి లాగి నిటారు చేయడంతోనే చిక్కు. మన ప్రాంతంలో పుత్తూరు కట్టు అనీ, ఊళ్లో ఎముకలు కట్టే ఆయన అనీ నమ్మకం ఉంది, నాకు తెలుసు. కానీ మోచెయ్యి మిగతా జాయింట్ల లాంటిది కాదు. దెబ్బ తగిలిన మోచేతిని బలవంతంగా సాగదీసి మర్దన చేస్తే కండలో ఎముక గట్టిపడి చెయ్యి శాశ్వతంగా బిగుసుకుపోయిన కేసులు ఇక్కడి ఎముకల డాక్టర్లందరం చూస్తూనే ఉంటాం. మీ పాప విషయంలో నా భయం అది కూడా కాదు, లేవకుండా ఉన్న పెచ్చు ఆ లాగుడికి లేస్తుందేమోనని.

శ్రీకాకుళం వైపు నుంచి 15 ఏళ్ల కుర్రాడొకడు వచ్చాడు. ఫాస్ట్ బౌలర్, బౌండరీ నుంచి త్రో బాగా వేస్తాడని పేరు. ఏడాదిగా నొప్పి ఓర్చుకున్నాడు. చెయ్యి పూర్తిగా రావట్లేదని ఊళ్లో రెండుసార్లు లాగించుకున్నాడు. నా దగ్గరికి వచ్చేటప్పటికి గ్లాసు పట్టుకుని నోటి దాకా తెచ్చుకుంటుంటే మధ్యలో టక్కున పట్టేస్తోంది, చెయ్యి విదిలిస్తే వదులుతోంది. ఎక్స్‌రేలో ముక్క జాయింటు ముందు భాగంలో తేలుతూ కనబడింది. ఆర్థ్రోస్కోపీ (చిన్న గాటులోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) చేసి తీసేశాం, గుంట అడుగున చిన్న చిన్న రంధ్రాలు వేశాం. పట్టేయడం పోయింది. ఆఖరి కొద్ది డిగ్రీల చాపు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు స్పిన్ వేస్తున్నాడు, స్లిప్‌లో నిలబడతాడు.

ఇంకొకడు టెక్సాస్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడు, 11 ఏళ్లు, బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. వేసవి సెలవులకి తాతగారింటికి వచ్చినప్పుడు తీసుకొచ్చారు. అక్కడి డాక్టరు ఆరు నెలలు ఆపమన్నారట, తండ్రికి అది ఎక్కువనిపించింది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కి నియమాలు చాలా కచ్చితం. లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ల వాళ్లు రోజుకి 85 బంతులు మించి పిచ్ చేయకూడదు, 66కి చేరితే నాలుగు రోజులు సెలవు. తండ్రి ఆ లెక్క ఫోనులో రాసి పెట్టుకున్నాడు కూడా. కాకపోతే పిల్లాడు రెండు టీములకి ఆడుతున్నాడు, ఏ టీము లెక్క ఆ టీముదే! పిచ్ చేయని రోజున క్యాచర్‌గా కూర్చుని మళ్లీ విసురుతూనే ఉన్నాడు. నేనూ ఆరు నెలలే అన్నాను. వాళ్లమ్మ పట్టుబట్టి ఆపించింది. గ్రోత్ ప్లేట్ తెరిచే ఉంది, పెచ్చు లేవలేదు, చెయ్యి పూర్తిగా చాస్తున్నాడు. మళ్లీ తీసిన ఎంఆర్ఐలో బాగా పూడింది. ఈసారి ఒకటే టీము.

మీ పాప పరిస్థితి, మీరు రాసింది నిజమైతే, ఈ రెండో పిల్లాడికి దగ్గరగా ఉంది. (పదేళ్లలోపు పిల్లల తల్లిదండ్రులు ఇది చదువుతుంటే కంగారు పడకండి. ఆ వయసులో ఇదే చోట పానర్స్ డిసీజ్ అని ఇంకోటి వస్తుంది, చూడడానికి భయంగా ఉన్నా ఆట ఆపితే దాదాపు ఎప్పుడూ దానంతట అదే నయమవుతుంది.)

"నీరజ్ చోప్రా ఆపరేషన్ చేయించుకునే కదా గోల్డ్ కొట్టాడు, మేమూ చేయించేస్తే త్వరగా తేలిపోతుంది కదా" అని ఈ మధ్య తరచూ అడుగుతున్నారు, మీరూ ఆ మాట రాశారు. ఆయనకి మోచేతి ఆపరేషన్ 2019 మేలో జరిగింది, అప్పటికి 21 ఏళ్ల పెద్దవాడు, ఎదుగుదల ముగిసిన ఎముక. మళ్లీ పోటీలో ఈటె విసిరింది 2020 జనవరిలో, మధ్యలో ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకున్నాడు. అంటే ఆపరేషన్ చేయించుకున్నా ఆగడం తప్పలేదు. పిల్లల్లో ఆపరేషన్ దేనికంటే, పెచ్చు లేచినప్పుడు, ముక్క ఊడినప్పుడు, లేదా ఆరు నెలలు నిజంగా ఆపినా స్కాన్‌లో పూడిక కనబడనప్పుడు. ముక్క బాగుంటే దాన్ని బిగిస్తారు. చిన్న గుంటైతే శుభ్రం చేసి రంధ్రాలు వేస్తారు. పెద్దదై, అంచు పోతే మోకాలి నుంచో పక్కటెముక నుంచో ఎముకతో సహా కార్టిలేజ్ తెచ్చి నాటుతారు, ఆ తర్వాత జిమ్నాస్టిక్స్‌కి ఆరు నెలలకి తక్కువ ఎవరు మాటిచ్చినా నమ్మకండి. మీకు ఆపరేషన్ చెప్పిన డాక్టరుగారు స్కాన్‌లో నాకు తెలియనిదేదో చూసి ఉండొచ్చు. "ఎందుకు" అని ఒక్కసారి అడగండి. "తెల్లగీత ఉంది, ముక్క కదులుతోంది" అంటే ఆయన మాటే సరి. "ఎలాగూ చేయాల్సిందే కదా" అంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

ఈ నెలల్లో పాపని పూర్తిగా ఇంట్లో కూర్చోబెట్టకండి, దిగులు పడిపోతారు ఈ పిల్లలు. కాళ్లు, నడుము, స్ప్లిట్స్, డాన్స్ భాగం, చేతులు ఆనని బీమ్ పని చేసుకోవచ్చు. మూడు నెలలకి డాక్టరు చూసి, మళ్లీ స్కాన్ ఎప్పుడో చెప్తారు. నొప్పి లేకుండా, చెయ్యి ఎడమదాంతో సమానంగా చాస్తూ, స్కాన్‌లో పూడిక కనబడ్డాకే వెనక్కి. మొదట గోడకి ఆని పుష్‌అప్, తర్వాత నేల మీద చేతులూ మోకాళ్లూ ఆని ఉండడం, ఆపైన కదలకుండా హ్యాండ్‌స్టాండ్, ఆ తర్వాత కార్ట్‌వీల్. బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్, వాల్ట్ అన్నిటికన్నా ఆఖర్న. ఒక మెట్టు మీద రెండు వారాలు నొప్పి లేకుండా గడిస్తే పై మెట్టు. మర్నాడు పొద్దున నొప్పో, బిగువో ఉంటే ఒక మెట్టు కిందికి.

తిండి సంగతి అడక్కపోయినా చెప్తున్నాను. బరువు పెరుగుతోందని రాత్రి అన్నం మాన్పించే అలవాటు కొన్ని అకాడమీల చుట్టూ ఉంది. ఎదిగే ఎముక పూడాలంటే తిండి కావాలి: అన్నం, పప్పు, గుడ్డు, పాలు, పెరుగు. విటమిన్ డి ఒకసారి చూపించండి, తక్కువుంటే డాక్టరు మందిస్తారు. ఆ మందొక్కటే ఈ దెబ్బని నయం చేస్తుందని మాత్రం అనుకోకండి.

చెయ్యి మధ్యలో పట్టేసినా, టక్కుమని లోపల ఏదో జారినట్టున్నా, మోచెయ్యి వాచినా, చాపు వారం వారం తగ్గుతున్నా మూడు నెలలు ఆగొద్దు, ఆ వారంలోనే చూపించండి.

ఎడమ మోచెయ్యి కూడా డాక్టరు చేత నొక్కించి చూపించండి. జిమ్నాస్టిక్స్‌లో రెండు చేతుల మీదా ఒకే బరువు పడుతుంది, రెండో వైపు నొప్పి లేకుండా మొదలైన పిల్లల్ని చూశాను. సీడీ చూశాక డాక్టరు ఏమన్నారో, చాపులో తేడా ఎంతో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.